లారీ ఇంటి నిచ్చెన

మా బావ పోయాడని నాతో ఎవరూ అనలేదు. గాజువాక షెడ్డులో మెకానిక్ ఒకాయన పొద్దున్నే కంచరపాలెం మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "మీ బావగారు ఇయ్యాల నిచ్చెన దించనేదండి. పిలిత్తే పలకతం నేదు" అన్నాడు. నాకు అర్థమైపోయింది. చొక్కా తగిలించుకుని బయల్దేరాను.

వెళ్ళేసరికి లారీ చుట్టూ జనం. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. సున్నాలేసేవాళ్ళని అడిగి వెదురు నిచ్చెన ఒకటి తెచ్చి, ఎక్కి, తలుపు పగలగొట్టాం. ఆయన చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పక్కనే ఆయన అల్యూమినియం నిచ్చెన ఉంది, రోజూ తుడిచినట్టే శుభ్రంగా తుడిచి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ ఎవర్నీ దగ్గరికి రానివ్వని మనిషి, పోయేటప్పుడు కూడా మమ్మల్ని కింద నిలబెట్టే పోయాడు.

ఆయన మా అక్క మొగుడు. నాకు ఊహ తెలిసేనాటికే పోర్టుకి ఖనిజం తోలే లారీ నడిపేవాడు. ఒంటి మీద ఎప్పుడూ ఆ ఎర్ర దుమ్మే. గాజువాక అవతల వాళ్ళ ఊరు, నాలుగు చెట్ల జీడితోట, తాతలనాటి పెంకుటిల్లు. డెబ్బైల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఫ్యాక్టరీకి తీసుకున్నారు. పరిహారం చేతికొచ్చాక కొందరు స్లాబు వేసుకున్నారు, కొందరు బంగారం కొన్నారు, కొందరు తాగేశారు. మా బావ పాత లారీ కొన్నాడు. దాని తొట్టి మీద చెక్కలతో గోడలు లేపి, రేకు కప్పించి, రెండు పక్కలా కిటికీలు, వెనకవైపు తలుపు పెట్టించి, అందులోకి తల్లినీ పెళ్ళాన్నీ ఎక్కించాడు. వాళ్ళకి పిల్లల్లేరు.

"ఇదేటి బావా, ఇంత మనిషివీ లారీలో కాపరమేటి?" అని అడిగాను నేను.

"ఈసారి లెగమంటే ఇంటితో లెగుత్తాను" అన్నాడు.

అది మొదట్లో అందరికీ నవ్వులాటగానే ఉండేది. కాంట్రాక్టు పని ఎక్కడుంటే అక్కడికి లారీ వెళ్ళేది. ఒక ఏడాది టౌన్‌షిప్ కడుతున్న చోట, ఇంకో ఏడాది ఔటర్ హార్బర్ దారిలో, తరవాత గాజువాకలో ఒక ఆసామి ఖాళీ జాగాలో. ఎక్కడ ఆపినా ఆయన ముందు అడిగే మాట ఒకటే: "ఇదెవుడి జాగా?" టీ తాగడానికి బడ్డీ ముందు బల్ల మీద కూర్చోబోతూ కూడా అడిగేవాడు. మా పెదనాన్న కూతురి పెళ్ళిలో, పందిట్లో, ఆకు ముందు కూర్చుని వడ్డించేవాణ్ణి అడిగాడు. వాడు తెల్లమొహం వేశాడు. మా అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం జవాబొచ్చేదాకా అన్నంలో చెయ్యి పెట్టలేదు.

అక్క నాతో "ఇంటికి రా తమ్ముడూ" అనేది. ఆయన ఎప్పుడూ "బండికాడికి రా" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య వాళ్ళ కాపరమంతా నలిగింది.

లారీ తొట్టంటే నా ఛాతీ ఎత్తు. నిచ్చెన లేకపోతే లోపలికి పోలేం, బయటికి రాలేం. బావకి చేతనైన ప్రేమంతా ఆ నిచ్చెన మీదే చూపించాడు. మొదట వెదురుది కట్టాడు. గుండ్రటి మెట్లు అత్త అరికాళ్ళకి గుచ్చుకున్నాయి. అత్తంటే ఆయన తల్లి. తరవాత సరుగుడు కర్రలతో చేయించాడు. సముద్రపు గాలికి మేకులు తుప్పు పట్టి మెట్లు ఊగాయి. ఇనప చువ్వలతో వెల్డింగ్ చేయిస్తే ఎండకి కాలి, మధ్యాహ్నం దాని మీంచి దిగినవాళ్ళల్లా గంతులేశారు. ఎవరో ఓడ మీద వాడే తాళ్ళ నిచ్చెన ఇస్తే అదీ తగిలించి చూశాడు. అత్త దాని మీద ఊగుతూ "ఓరి నాయనో, నన్ను సంపేత్తన్నావురో" అని కేకలు పెడితే చుట్టుపక్కల వాళ్ళు కొట్టుకుంటున్నారేమో అని పరిగెత్తుకొచ్చారు.

ఆఖరికి ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పాత టౌన్‌లో ఓడల సామాన్లమ్మే కొట్టుకి తీసుకెళ్ళాడు. విరగ్గొట్టిన ఓడల్లోంచి తెచ్చిన లాంతర్లు, గొలుసులు, పడకలు అన్నీ అక్కడ గుట్టలుగా పడి ఉండేవి. ఒక మూల అల్యూమినియం నిచ్చెన ఉంది. చదునైన వెడల్పు మెట్లు, వాటి మీద కాలు జారకుండా గీతలు.

"ఏటికయ్యా, సున్నాలెయ్యడానికా?" అని అడిగాడు కొట్టువాడు.

"ఇంట్లోకెల్లడానికి" అన్నాడు మా బావ.

వాడు నా మొహంలోకి చూశాడు. నేను పక్కకి చూశాను. బావ ఇవేవీ పట్టించుకోలేదు. జేబులోంచి ముళ్ళేసిన పురికొస తీశాడు. బయల్దేరే ముందు తల్లిని నిలబెట్టి, నొప్పి లేకుండా కాలు ఎంతెత్తు లేపగలదో చూసి, అక్కడ ముడేసుకొచ్చాడట. నేల నుంచి మొదటి మెట్టుకి, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆ ముడి పెట్టి కొలిచాడు. తరవాత నిచ్చెన గోడకి వాల్చి తను ఎక్కాడు. నన్ను ఎక్కమన్నాడు. కళ్ళు మూసుకుని దిగమన్నాడు.

"సిగ్గు నేదేటి బావా, జనం సూత్తన్నారు" అన్నాను.

"మాయమ్మకి సూపు ఆనదు. ఆవిడ దిగినట్టు దిగు" అన్నాడు.

దిగాను. ఏం చేస్తాను? మొండిఘటం. అది కొని, భుజాన వేసుకుని, బస్సువాడు ఎక్కించుకోకపోతే అంత దూరమూ నడిచే తీసుకొచ్చాడు.

తరవాత దాన్ని పెట్టడమెక్కడ అన్నది ఇంకో రామాయణం. లారీ కదిలేటప్పుడు నిచ్చెన కూడా వెళ్ళాలి కదా. అడుగున కట్టాడు, బురద కొట్టుకుంది. పైన రేకు మీద పెట్టాడు, దాన్ని దించడానికి మళ్ళీ నిచ్చెన కావాల్సొచ్చింది. ఆ రోజు అక్క నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, ఆ లారీలో అక్క అలా నవ్వగా నేను చూసింది అదొక్కసారే. లోపల పెడితే అత్త మంచానికీ కిరసనాయిలు స్టవ్వుకీ మధ్య అడ్డం. చివరికి పక్క చెక్కకి రెండు కొక్కేలు బిగించి, అవి గీరుకోకుండా పాత ట్యూబు ముక్కలు చుట్టి, అందులో తగిలించాడు. బండి నడుపుతూ చెవి అటే పెట్టేవాడు. ఎక్కడైనా టకటకమంటే రోడ్డు మధ్యలో ఆపేసి దిగి చూసుకునేవాడు. వెనక బస్సులు హారన్లు కొట్టి తిట్టినా ఆయనకి పట్టేది కాదు.

పొద్దు వాలితే నిచ్చెన లోపలికి లాగేసుకునేవాడు. అక్క ఎవరింటికైనా పేరంటానికి వెళ్ళాలన్నా ఆ లోపే వెళ్ళి రావాలి.

"దొంగల భయమా బావా?" అని అడిగితే, "ఇంక ఎవుడూ వొచ్చి లెగమని కాయితం సేతిలో ఎట్టనేడు" అన్నాడు. అంటూ హాయిగా ఒళ్ళు విరుచుకున్నాడు. పక్కనే అక్క మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. ఆయనకి కోటలా ఉన్నది ఆవిడకి ఎలా ఉందో అడగాలని ఆ మనిషికి ఒక్కనాడూ తోచలేదు.

ఊరు పోయినవాళ్ళందరికీ కాలనీలో తలా ఒక స్థలం ఇచ్చారు. బావ పేరునా ఒకటి వచ్చింది. ఆయన దాని మొహం చూడలేదు. వాళ్ళ ఊరివాళ్ళంతా అక్కడే చేరి ఇళ్ళు లేపుకుంటుంటే, వీళ్ళ స్థలంలో మాత్రం తుమ్మ మొక్కలు పెరిగాయి. అక్క నన్ను పిలిపించి, "నువ్వొక మాట సెప్పు తమ్ముడూ. నాకు మేడలొద్దు. ఒక్క గదేసుకుని, గుమ్మానికి పసుపు రాసుకుంతాను. అంతే నాను అడిగేది" అంది.

చెప్పాను. బావ ఒంటికాలి మీద లేచాడు.

"ఆ ఇంటికి మా తాత మట్టి తొక్కినాడు. నాను పెంకు మార్పించిన ఏడే కాయితం వొచ్చింది. ఇంకోపాలి పునాది తియ్యమంతావా? ఆళు రాయి పాతిన జాగాలో నాను కాలెట్టను. దానికి ఇల్లే గావాలంటే ఇదుంది."

"ఇది ఇల్లు కాదు బావా, బండి."

"మరి ఊళ్ళో ఉన్నాది ఇల్లే కదా. ఏదీ, సూపించు" అన్నాడు.

ఆ ఊరు ఉన్నచోట అప్పటికే లారీలు మట్టి పోస్తున్నాయి. ఆయన్ని చూస్తే జాలేసింది, అక్కని చూస్తే ఆయన పీక పిసకాలనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తుంటే అక్కడ నిలబడలేక వచ్చేశాను.

ఆ తరవాత శుక్రవారం అక్క తన పని తను చేసుకుంది. ఊళ్ళో ఉండగా ప్రతి శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గు గీతలు గీసేది. లారీకి గడప ఎక్కడిది? నిచ్చెన మొదటి మెట్టు కడిగి, దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. కింద నేల మీద చిన్న ముగ్గు వేసింది. సాయంత్రం బావ పనినుంచి వచ్చి, చూసి, ఒక్క క్షణం ఆగి, ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా దాటి రెండో మెట్టు మీదికి ఎక్కాడట. ఈ సంగతి అక్క నాకు ఎంతో సంబరంగా చెప్పింది.

ఆ రోజు నుంచి ఆ మెట్టు గడప అయిపోయింది. గడపని దాటుతాం గానీ తొక్కుతామా? నేను వెళ్ళినప్పుడు నేనూ దాటే ఎక్కాను. పక్కింటి ఆడవాళ్ళూ దాటే ఎక్కారు. పురికొస ముడితో కొలిచి కొన్న నిచ్చెన, అందులో ఒక మెట్టు లేనట్టే. అత్త మోకాళ్ళకి ఆ ఎత్తు ఎక్కువని మాకు తెలీదా? తెలుసు. ఆవిడ రెండో మెట్టు మీది నుంచి నేలకి కాలు చాపి, వేళ్ళతో వెతుక్కుంటూ దిగడం కళ్ళారా చూశాం. "పరవానేదు అత్తా, తొక్కు" అనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. అన్నా ఆవిడ తొక్కేది కాదు. పుట్టి బుద్ధెరిగి గడప తొక్కిన మనిషి కాదు.

ఒక వానాకాలం పొద్దున ఆవిడ అలా కాలు చాపి, నేల అందక, పట్టు తప్పి పడింది. తుంటి విరిగింది.

పెద్దాసుపత్రిలో చేర్చాం. బావ మొదటి రోజంతా తల్లి దగ్గరే ఉండి, మర్నాడు వచ్చి, కిరసనాయిలు గుడ్డతో ఆ మెట్టు మీది పసుపంతా తుడిచేశాడు. గీతల్లో ఇరుక్కున్నది కూడా మేకు పెట్టి గీకాడు. అక్కని ఒక్క మాట అనలేదు. తిట్టినా, కొట్టినా అక్క అంత కుంగిపోయేది కాదు. "నాను సంపేసినాను తమ్ముడూ" అని నా దగ్గర ఏడ్చింది. నువ్వు కాదక్కా అన్నాను. మరెవరని అడిగింది.

అత్త మంచాన పడి తేరుకోలేదు. ఆవిడ ఆసుపత్రిలోనే పోయాక, తన లారీలోనే తల్లిని తీసుకుని గాజువాక వచ్చాడు బావ. ఆ జాగా ఆసామి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటనుకోకు బాబూ. బండి పెట్టుకోమన్నాను గానీ, పీనుగుని నా నేల మీద దించితే ఎలాగ? నాను రేపు ఇక్కడ ఇల్లు కట్టుకోవాల" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మా వైపు అదేం వింత కాదు, అద్దె ఇళ్ళలో పోయినవాళ్ళని చాలామందిని అరుగు మీదికి కూడా రానివ్వరు. కానీ వినేవాళ్ళకి తెలుస్తుంది ఆ మాట ఎక్కడ తగులుతుందో.

బావ వాడితో వాదించలేదు. స్టీరింగు తిప్పి కాలనీకి పోనిచ్చాడు. ఎప్పుడూ కాలు పెట్టని స్థలం, దారి ఎవర్నీ అడగకుండానే వెళ్ళాడు. తుమ్మ మొక్కలు తొక్కించి లారీ ఆపాడు. వాళ్ళ ఊరివాళ్ళు నాలుగిళ్ళ నుంచి పరిగెత్తుకొచ్చారు. అందరూ చేతులేసి ఆవిణ్ణి దించి నేల మీద పడుకోబెట్టారు. "ఇదెవుడి జాగా?" అని ఆయన ఆ రోజు అడగలేదు.

పెద్దకర్మ అయ్యేదాకా లారీ అక్కడే ఉంది. ఆ పన్నెండు రోజుల్లో అక్క తుమ్మ మొక్కలు కొట్టించి, నేల చదును చేసి, గది ఎక్కడ రావాలో కర్రతో గీత కూడా గీసుకుంది. బావ చూస్తూ ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడేమో అని నేనూ ఆశపడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఇంజను స్టార్టు చేశాడు. దిగొచ్చి, నిచ్చెన రెండు చేతులా పట్టుకుని, తల్లి ఎక్కేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కు" అన్నాడు అక్కతో.

అక్క తను గీసుకున్న గీత లోపల కూర్చుంది. "నాను రాను. నువ్వే ఉండిపో" అంది.

ఇంజను మోగుతూనే ఉంది. ఊరివాళ్ళు చూస్తున్నారు. ఆయన గబగబా తనే ఎక్కాడు. లోపల చెక్కలు ఊడదీస్తున్న చప్పుడు. తల్లి మంచం ఉండే చోట, అడుగు చెక్కల కింద నుంచి ఒక దూలం లాంటిది లాగి, గుమ్మంలోంచి కిందికి తోశాడు. అది దొర్లి అక్క ముందు పడింది. టేకు గడప. రెండు చివర్లా చెక్కిన పద్మాలు. ఆ రేకుల సందుల్లో పాత పసుపు ఇంకా ఎండిపోయి ఉంది. ఊళ్ళో ఇల్లు పడగొట్టే ముందు రోజు తనే పెకలించి తెచ్చి, లారీ తొట్టిలో దాచి, దాని మీద నేల పరిపించాడు.

అక్క దాన్ని తడిమి చూసుకుంది. నాకు ఆ మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు.

"ఇదుందని నాతో ఒక్క మాట ఎందుకు సెప్పనేదు?"

"సెప్పి? గోడ నేనికాడ గడపెక్కడెడతారు?"

"సెప్పుంటే ఆ నిచ్చెనకి పసుపు రాద్దునా? దీనికే ఏ మూలో రాసుకుందును. నీ తల్లి బతికుండేది" అంది అక్క.

ఆయన నిచ్చెన కొక్కేలకి తగిలించాడు. రబ్బరు ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో అలవాటుగా నొక్కి చూసుకున్నాడు. వెళ్ళిపోయాడు.

అక్క మళ్ళీ లారీ ఎక్కలేదు. ఊరివాళ్ళ వసారాలో ఉంటూ, సైట్ క్యాంటీన్‌లో పని చేస్తూ, నేనూ ఒక చెయ్యి వేస్తే, ఒంటిగది పెంకుటిల్లు లేపింది. దానికి కొత్త గడప చేయించింది. బావ నెలనెలా నా చేత బియ్యం పంపేవాడు, తను మాత్రం ఆ వీధిలోకి రాలేదు. గృహప్రవేశానికి పిలిస్తే, "ఆ రోజు పనుంది" అన్నాడు.

ఆ పొద్దున పాలు పొంగించడానికి పొయ్యి పేర్చింది అక్క. పెరట్లో గొడ్డలి చప్పుడు వినిపించి వెళ్ళాను. పాత గడపని నిలువునా చీలుస్తోంది.

"అక్కా, అది టేకు. పద్మాలున్నాయి" అన్నాను.

"ఉంటే?" అంది. ఆపలేదు.

ఆ చీలికలతోనే పొయ్యి వెలిగించింది. పాలు పొంగేదాకా దాని ముందు నుంచి కదల్లేదు, కళ్ళు తుడుచుకోలేదు.

మర్నాడు నేను గాజువాకలో షెడ్డు పక్కన ఆపిన లారీ దగ్గరికి వెళ్ళాను. ఆయన గుమ్మంలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఎక్కలేదు. బాధ పెట్టాలనే, కిందనుంచే చెప్పాను.

"బావా, ఆ గడపని సీల్సేసి పొయ్యిలో ఎట్టేసింది. దాంతోనే పాలు పొంగించింది."

ఆయన "పొగొచ్చిందేటి?" అన్నాడు.

"నేదు."

"రాదు. మా తాత కోయించి ఆరబెట్టిన టేకు." నా వైపు చూడకుండా అడిగాడు. "పాలు ఏ పక్కకి పొంగినాయి?"

పడమరకని చెబుదామని నోటిదాకా వచ్చింది. అంత కసి ఉంది నాకు ఆయన మీద. కానీ నా కళ్ళతో చూసింది వేరు.

"తూరుపుకే బావా" అన్నాను.

"ఐతే ఆ ఇల్లు నిలబడతాది" అన్నాడు మా బావ.